చెక్క అల్ట్రాలైట్ కిట్‌ని ఇంట్లో కట్టడం ఎలా: వైజాగ్ తేమలో, మొదటి కాగితం నుంచి తూకం దాకా

"అన్నా, విమానం కిట్ తెప్పించుకుంటే మిగతాది మనమే కట్టేసుకోవచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో గంటగంట చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. గోపాలపట్నంలో ఇంటి వెనక నాకో షెడ్డుంది, అందులో ఒక సీటు చెక్క అల్ట్రాలైట్, అంటే బాగా తేలికైన చిన్న విమానం, నాలుగేళ్ల ఆదివారాలు. ఇంకా ఎగరలేదు, తూకం దాకా వచ్చింది, కాగితాలు నడుస్తున్నాయి. అందుకే ఎలా ఎగరాలో నేను చెప్పను, ఎలా కట్టాలో మాత్రం చెప్తా.

మినీమ్యాక్స్, ఫిషర్ లాంటి చెక్క కిట్లన్నీ ఉత్తర అమెరికా సరుకు. వాటి మాన్యువల్ రాసినవాడికి తెలిసింది పొడి గ్యారేజీ, చలి. మన దగ్గర ఆగస్టులో ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా ఆరదు. కాబట్టి అక్కడ రెండు లైన్లలో తేల్చేసిన తేమ, జిగురు సంగతులు ఇక్కడ సగం గైడు తినేస్తాయి, తిట్టుకోకండి.

## 1. ముందు కాగితాలు, తర్వాత కర్ర

వీడియోలు చూసి అందరూ అనుకునేది ఒకటే, అల్ట్రాలైట్‌కి లైసెన్సు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు అని. అది అమెరికా వాళ్ల పార్ట్ 103 రూలు. ఒకటే సీటు ఉండాలి, ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు అంటే సుమారు 115 కేజీలు, పెట్రోలు 5 గ్యాలన్లు అంటే 19 లీటర్లకి మించకూడదు, ఫుల్ పవర్‌లో 55 నాట్లు అంటే గంటకి సుమారు 102 కిలోమీటర్లు దాటకూడదు, స్టాల్ వేగం, అంటే రెక్క ఇక మోయలేక విమానం కిందికి జారే వేగం, 24 నాట్లకి మించకూడదు. ఇవన్నీ కుదిరితే వాళ్లకి మినహాయింపు. మనకి అది చెల్లదు. ఇక్కడ డీజీసీఏ, అంటే విమానాల్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, వీటీతో మొదలయ్యే నంబరు కావాలి, ఎగరడానికి అనుమతి కావాలి, నడిపేవాడికి లైసెన్సు కావాలి.

పైగా మన ఊళ్లో నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉంది. ఊరి మీద గాలంతా ఎవరో ఒకరి కంట్రోల్లోనే ఉంటుంది. భీమిలి ఇసుకలో పొద్దున్నే ఎవరూ లేనప్పుడు ఒక్క రౌండ్ కొట్టేద్దాం గురూ అనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఈ పేజీ ఇక్కడే మూసేయండి. వైజాగ్‌లో కడతాం, ఎగరడానికి మాత్రం అనుమతి ఉన్న వేరే చోటికి లారీలో వెళ్తాం. ఈ లెక్క మొదటి రోజు నుంచే బుర్రలో ఉండాలి, ఎందుకంటే రెక్కలు ఊడదీసి మళ్లీ బిగించేలా ఉన్న కిట్టే కొనాలి.

ముంబై కాందివలీలో అమోల్ యాదవ్ గారు మేడ మీద విమానం కట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆయన విమానానికి 2017లో రిజిస్ట్రేషన్ వచ్చింది, అదీ ఏళ్ల తరబడి తిరిగితే. నిరుత్సాహపరచడానికి చెప్పట్లేదు, కాగితాలకి పట్టే టైము మన రంపానికి పట్టే టైము కంటే ఎక్కువ కాబట్టి ఆ పని ముందు మొదలెట్టమంటున్నా.

డబ్బు కట్టే ముందు ఇవి చేతిలో ఉండాలి:

- ఈ మోడల్ కిట్ దిగుమతికి, రిజిస్ట్రేషన్‌కి ఏమేం కావాలో డీజీసీఏ నుంచి రాతపూర్వకంగా జవాబు. ఫోన్‌లో విన్న మాట లెక్కలోకి రాదు.
- పని మధ్యలో వచ్చి చూసి సంతకం పెట్టడానికి ఒప్పుకున్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీర్.
- కర్ర కాబట్టి ప్లాంట్ క్వారంటైన్ అడ్డం రావచ్చు. పురుగు, తెగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఎవరిస్తారు, క్రేట్ చెక్కకి పురుగు చచ్చేలా చేశారని చూపే ఐఎస్‌పీఎం-15 ముద్ర ఉంటుందా అని అమ్మేవాళ్లనే అడగండి. పోర్టులో ఆగిపోయాక అడిగితే రోజుకింత అద్దె పడుతుంది.
- మూడో కన్ను. అంటే మీ పని మీద మొహమాటం లేకుండా తప్పులు చెప్పే మనిషి.

## 2. చోటు: లోపల పట్టడం కాదు, బయటికి రావడం చూడండి

మినీమ్యాక్స్ రెక్క మొత్తం 25 అడుగులు, అంటే ఒక్కో సగం పన్నెండు చిల్లర. ఫ్యూజిలాజ్, అంటే విమానం మొండెం, ఇంకాస్త పొడుగు. పదహారు అడుగుల బల్ల, దాని చుట్టూ మనిషి తిరిగే జాగా, ఇదీ కనీసం.

పీవీసీ పైపులు కట్టి ఫ్యూజిలాజ్ అంత డొల్ల పెట్టె చేయండి, దాన్ని గది నుంచి రోడ్డు దాకా ఇద్దరు మోసి చూడండి. మెట్ల మలుపులోనో, గేటు దగ్గర కరెంటు మీటరు పెట్టె దగ్గరో ఇరుక్కుంటే ఇప్పుడే తెలుస్తుంది. అరగంట పని, దీన్ని మాత్రం ఎవరూ చెయ్యరు.

చెదలు మర్చిపోవద్దు. ఈ కిట్లలో వచ్చే తేలికపాటి స్ప్రూస్ కర్ర వాటికి పరమాన్నం. ఏదీ నేల మీద గానీ గోడకి ఆనించి గానీ పెట్టకండి, బల్ల కాళ్లు ఇనుపవైతే నయం. తుఫాను సంగతి కూడా ఆలోచించండి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి ఎన్ని కిటికీలు ఎగిరిపోయాయో చూసినవాళ్లం. తయారైన రెక్కలు లోపలి గోడకే వేలాడాలి, కిటికీ వైపు కాదు.

## 3. తేమని లొంగదీయడం

విమానం కర్రలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. కర్ర చుట్టూ గాలిని బట్టి తాగుతుంది, వదులుతుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతం ఉంటే కర్ర మెల్లగా 15, 16 శాతానికి చేరుకుంటుంది. 50 శాతం ఉంటే 9 దగ్గర ఆగుతుంది. వైజాగ్‌లో తలుపులు తీసి పెడితే ఏది జరుగుతుందో చెప్పక్కర్లేదు.

వాన రోజుల్లో అలా ఉబ్బిన కర్రకి జిగురు పెట్టి అతికించేసి, తర్వాత పొడి ఊరికి తీసుకెళ్తే అది ముడుచుకుంటుంది, ప్లైవుడ్ అంతగా ముడుచుకోదు, మధ్యలో నలిగేది జిగురు గీత. పైకి ఏమీ కనపడదు, అదే భయం.

చేయాల్సింది:

1. గదిలో ఏసీ గానీ డీహ్యూమిడిఫైయర్ గానీ పెట్టి గాలి తేమని 45 నుంచి 55 మధ్య కట్టేయండి. ఏసీ డ్రై మోడ్ చిన్న గదికి చాలు. తలుపు కింద సందు మూసేయండి, ఎంత తేమ అక్కడి నుంచే వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు.
2. హైగ్రోమీటర్ కొనగానే నమ్మొద్దు. సీసా మూతలో వంట ఉప్పు పోసి ముద్దయ్యేలా నాలుగు చుక్కలు నీళ్లు కలపండి, మూతనీ మీటర్నీ ఒక జిప్ కవర్లో పెట్టి మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటర్ 7 తక్కువ చెప్తోందని దాని వీపు మీదే రాసుకోండి.
3. కర్రని సన్న బద్దల మీద పేర్చి, నాలుగు వైపులా గాలి తగిలేలా, గదిలో కనీసం రెండు వారాలు ఉంచండి. ఆ తర్వాతే మొదటి కోత.
4. పిన్ను మీటర్ ఉన్నా ఒకసారి ఓవెన్ పరీక్ష చేయండి. చిన్న ముక్క తూచి, 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి మళ్లీ తూచాలి. 56 గ్రాములది 50కి వచ్చిందనుకోండి, తగ్గిన 6ని ఎండిన బరువు 50తో భాగించండి, 12 శాతం. తడి బరువుతో భాగించడం అందరూ చేసే తప్పు.

కరెంటు బిల్లు చూసి ఇంట్లో గొడవ అవుతుంది. అవ్వనివ్వండి. జిగురు పనులన్నీ డిసెంబరు నుంచి మార్చి లోపు పెట్టుకుని, వానాకాలం బోల్టులు, కేబుళ్లు, ఇంజిన్ పనికి వదిలేస్తే బిల్లు సగమవుతుంది, నేను మూడో ఏడు నుంచి అదే చేశా.

## 4. క్రేట్ తెరిచిన రోజు

ఆ రోజు ఏదీ కట్టొద్దు, లెక్క మాత్రమే. ప్రతి ముక్కా జాబితాతో సరిచూసి, నంబరు రాసి, ఫోటో తీయండి. తర్వాత స్పార్ కర్రలు, అంటే రెక్క పొడుగునా బరువు మోసే దూలాలు, ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి.

గ్రెయిన్, అంటే కర్ర పీచు గీతల వాలు 15కి 1 దాటకూడదు, అంటే 15 సెంటీమీటర్ల పొడుగులో గీత అంచు వైపు 1 సెంటీమీటరు కంటే ఎక్కువ జరగకూడదు. కంటికి కనపడకపోతే పాత ఇంకు పెన్నుతో ఒక చుక్క సిరా పెట్టండి, అది గ్రెయిన్ వెంబడి సన్నగా పాకుతుంది, వాలు అదే చూపిస్తుంది. స్పార్‌కి ముక్క చివర అంగుళానికి కనీసం ఆరు వలయాలుండాలి. లైటు ఆర్పేసి టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే, అడ్డంగా సన్నటి ముడతలు కనిపిస్తాయేమో వెతకండి. అది లోపల నలిగిన కర్ర, చెట్టు పడినప్పుడో క్రేట్ పడినప్పుడో నలిగి ఉంటుంది. దాన్ని వాడొద్దు, అతికించి సరిచెయ్యడం కూడా కుదరదు.

"ఒక ముక్క పోయింది, ఇక్కడ టేకు పెట్టేద్దామా" అంటారు. టేకు గట్టిదే, కానీ స్ప్రూస్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, పైగా దాని నూనెకి జిగురు సరిగా పట్టదు. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర మెత్తనిదే, బొమ్మలకి బంగారం, స్పార్‌కి కాదు. ప్లైవుడ్ కూడా అంతే. ఐఎస్ 710 మెరైన్ ప్లై పడవకి, కిచెన్‌కి బావుంటుంది, ఏవియేషన్ ప్లై ఒకటిన్నర మిల్లీమీటర్లలో మూడు పొరలుంటుంది, ఆ పొరల మధ్య ఖాళీలుండవు. పోయిన ముక్కకి మళ్లీ అదే ముక్క తెప్పించడమే, ఎన్ని వారాలు పట్టినా.

## 5. పనిముట్లు

ఎక్కువేం వద్దు. సన్న పళ్ల జపాన్ రంపం, పదునైన చిత్రిక, రెండు ఉలులు, మూలమట్టం, రసమట్టం, డిజిటల్ వెర్నియర్, 0.1 గ్రాము దాకా తూచే చిన్న కాటా. క్లాంపులు మాత్రం ఎన్నున్నా చాలవు. నేను నాలుగంగుళాల పీవీసీ పైపుని రింగులుగా కోసి, ఒకచోట చీల్చి, ఎనభై స్ప్రింగ్ క్లాంపులు చేసుకున్నా, ఒక పూట పని.

మా వడ్రంగి మేస్త్రీ చెప్పిన ఒక్క మాట వినండి, మొద్దు చిత్రిక కర్రని కొయ్యదు, రుద్దుతుంది. రుద్దిన పైభాగం నున్నగా మెరుస్తుంది, చూడ్డానికి బావుంటుంది, జిగురు మాత్రం దాని మీద కూర్చోదు.

## 6. జిగురు: ఇక్కడ తొందర పడితే అన్నీ వృథా

ఫెవికోల్ మంచి ఫర్నిచర్ జిగురే. కానీ ఆ తెల్ల జిగుర్లు బరువు కింద నెలల తరబడి మెల్లగా జారతాయి, వేడికి మెత్తబడతాయి, విమానంలో వాటికి చోటు లేదు. మాన్యువల్ ఏ జిగురు చెప్తే అదే. చాలా కిట్లు టీ-88 లాంటి ఎపాక్సీ చెప్తాయి, దాని రెండు భాగాలు, రెజిన్, హార్డెనర్, ఘనపరిమాణంలో సగం సగం కలపాలి. రిసార్సినాల్ జిగురు కూడా మంచిదే, కానీ దానికి గట్టి ఒత్తిడి, సందు లేని అతుకు కావాలి, ఇంట్లో చేసేవాళ్లకి ఎపాక్సీ క్షమిస్తుంది.

వరస ఇది:

1. ముందు పొడిగా పెట్టి చూడండి, క్లాంపులతో సహా. సందు కనిపిస్తే సరిచేయండి, జిగురుతో పూడ్చొద్దు.
2. అతికే రెండు ముఖాల్నీ 80 నంబరు ఉప్పు కాగితంతో తేలిగ్గా గీరి, పొడిని వాక్యూమ్‌తో లాగేయండి. థిన్నర్ గుడ్డతో తుడవొద్దు.
3. కాటా మీద పెట్టి కలపండి, కంటి లెక్క వద్దు. తూచి కలిపేటప్పుడు నిష్పత్తి మారుతుంది, టీ-88కైతే 100 గ్రాముల రెజిన్‌కి 83 గ్రాముల హార్డెనర్. చారలు పోయేదాకా, గిన్నె అంచులు గీకుతూ రెండు నిమిషాలు కలపాలి.
4. కలిపింది వెంటనే వెడల్పు పళ్లెంలో పోసేయండి. కప్పులో ముద్దగా ఉంటే దాని వేడికి అదే ఉడికిపోతుంది. డబ్బా మీద 25 డిగ్రీలకి ఇచ్చిన టైము మన మే నెల 35లో దాదాపు సగమే.
5. రెండు ముఖాలకీ రాయండి. కర్ర చివరి కోత ముఖం జిగురుని తాగేస్తుంది, దానికి ఒకసారి రాసి పది నిమిషాలాగి మళ్లీ రాయాలి.
6. క్లాంపు బలంగా బిగించొద్దు. అంచు వెంబడి సన్న పూసలా జిగురు బయటికి రావాలి, అంతే. గట్టిగా నొక్కితే ఉన్న జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది.
7. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే జీవితాంతం పోదు.

ఇప్పుడు అసలు సంగతి, నమూనా ముక్కలు. కలిపిన ప్రతి గిన్నె నుంచీ రెండు పనికిరాని ముక్కల్ని అంగుళం మేర అతికించండి, దాని మీద గిన్నె నంబరు, తేదీ, వేడి, గాలి తేమ రాయండి. వారం తర్వాత వైస్‌లో బిగించి విరగ్గొట్టండి. కర్ర విరగాలి. జిగురు గీత దగ్గర ఊడి వస్తే ఆ గిన్నెతో అతికించిందంతా చెత్తబుట్టకే.

నాకు రెండో ఏడు పదకొండు రిబ్బులు, అంటే రెక్కకి ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి ముక్కలు, అలా పోయాయి. నమూనా విరిస్తే సగం మేర కర్ర పీచు లేచింది, మిగతా సగం గాజులా నున్నగా ఉంది. వెలుతురులో తిప్పి చూస్తే ఆ నున్నటి చోటు గుండ్రంగా, గీతలు గీతలుగా, అచ్చం బొటనవేలి ముద్ర. సెలవులకి వచ్చిన మేనల్లుడు సాయం చేస్తున్నాడు అప్పుడు. వాడిని పిలిచి "ఏరా, తలకి ఏం రాశావు" అంటే "అమ్మమ్మ కొబ్బరి నూనె రాసింది మావయ్యా" అన్నాడు. జుట్టు సర్దుకున్న చేత్తోనే గీరిన ముఖాలు పట్టుకున్నాడు. రిబ్బులు చూడ్డానికి ఒక్క లోపం లేదు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి, ఆ చిన్న ముక్క విరవకపోతే అవి రెక్కలో కూర్చునేవి. అప్పటి నుంచి నా షెడ్డులో సబ్బుతో చేతులు కడగందే ఎవరూ కర్ర ముట్టుకోరు, మా అమ్మతో సహా.

ఇంకో నమూనా ముక్కని మే నెల మధ్యాహ్నం డాబా మీద గంట ఉంచి, వేడిగా ఉండగానే విరిచి చూడండి. ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది. చెక్క విమానాలకి తెలుపో లేత రంగో వేయమనేది అందుకే.

## 7. బల్ల, రిబ్బులు

బల్ల చదునుగా లేకపోతే రెక్క వంకర, అంతకంటే చెప్పేదేం లేదు. రసమట్టంతో పాటు ఈ చివర నుంచి ఆ చివరకి నైలాన్ దారం బిగించి చూడండి.

డ్రాయింగ్ పరిచి దాని మీద పాలిథిన్ షీటు వేసి, చుట్టూ చిన్న చెక్క దిమ్మలు కొట్టి రిబ్బులు చేస్తారు. డ్రాయింగ్ కాగితం కూడా తేమకి సాగుతుంది, అందుకే గీత మీద కాకుండా రాసి ఉన్న కొలత మీద నమ్మకం పెట్టుకోండి. నా డ్రాయింగ్ ఒక మీటరుకి దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగింది. రిబ్బులన్నీ అయ్యాక కట్టగా పేర్చి రెండు వైపుల నుంచీ చూడండి, ఏదైనా అంచు పొడుచుకొస్తే ఇప్పుడే చిత్రిక పట్టేయాలి.

## 8. స్పార్, రెక్క, ఫ్యూజిలాజ్

స్పార్‌లో అతుకు వెయ్యాల్సి వస్తే ఏటవాలు కోత 12కి 1. అంటే 20 మిల్లీమీటర్ల మందానికి 240 మిల్లీమీటర్ల వాలు. ప్లాన్‌లో అతుకు ఉన్న చోటే వెయ్యాలి, మీకు ముక్క పొట్టిదయ్యిందని కొత్త చోట వెయ్యకూడదు.

అందరూ చేసే తప్పొకటుంది, రెండు ఎడమ రెక్కలు కట్టేయడం. నవ్వకండి. మొదటిది బాగా వచ్చిందని అదే వరసలో రెండోది మొదలెడతారు, ఫిట్టింగులు పెట్టే రోజు తెలుస్తుంది. మొదటి జిగురు కంటే ముందే ప్రతి ముక్క మీదా ఎడమ, కుడి, పైన, ముందు అని నాలుగు మాటలూ రాయండి. ఫ్యూజిలాజ్ పక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో పాలిథిన్ వేసి కట్టండి, రెండూ ఒకే కొలతకి వస్తాయి. ప్లైవుడ్ తొడుగు మాత్రం బయటి వైపులకే అని గుర్తుంచుకోండి.

రెక్క చట్రానికి మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి, 2 మిల్లీమీటర్ల కంటే తేడా ఉంటే ఆపండి. ఫ్యూజిలాజ్ మధ్య గీతకి పైనుంచి గుండు దారం వేలాడదీస్తే మెలిక వెంటనే బయటపడుతుంది.

## 9. మూసే ముందు

లోపలంతా ఎపాక్సీ వార్నిష్ రెండు కోటింగులు. తర్వాత జిగురు పడే చోట్ల ముందే మాస్కింగ్ టేపు వేయాలి, వార్నిష్ మీద అతుకు నిలవదు. ప్రతి గదికీ నిలబెట్టినప్పుడు ఏది కింద ఉంటుందో అక్కడ ఒక నీటి రంధ్రం పెట్టాలి, రంధ్రం లోపలి అంచుకి కూడా వార్నిష్. చెక్క విమానాలు కుళ్లేది ఎక్కువగా నీళ్లు నిలిచిన ఆ అరచెయ్యంత మూలల్లోనే.

ఇది మూసేముందు చూసే జాబితా:

- ప్రతి అతుకు దగ్గరా జిగురు పూస కనిపిస్తోందా
- నమూనాలన్నీ విరిచి రాసిపెట్టారా
- మరిచిపోయిన క్లాంపు, పెన్సిలు, మేకు లోపల లేవు కదా
- స్కేలు పక్కన పెట్టి అన్ని కోణాల్లో ఫోటోలు తీశారా
- ఇంజనీర్ వచ్చి చూసి సంతకం పెట్టారా

ఆఖరిది లేకుండా మూసేస్తే మళ్లీ కోసి చూపించాల్సి వస్తుంది.

## 10. బోల్టులు, కేబుళ్లు

ఏఎన్ బోల్టులు, అంటే విమానాల ప్రమాణానికి చేసినవి, కిట్‌తో వచ్చినవే వాడాలి. పూర్ణా మార్కెట్‌లో అదే సైజు దొరుకుతుంది, చూడ్డానికి అలాగే ఉంటుంది, బలం మాత్రం ఎవరికీ తెలీదు. బోల్టు మరలు కర్ర లోపల, ఫిట్టింగ్ లోపల ఆనకూడదు, నున్నటి భాగమే ఆనాలి. నట్టు బిగించాక ఒకటి రెండు మరలు బయటికి రావాలి. తిరిగే కీళ్లకి నైలాన్ నట్టు వద్దు, పైన గాడులుండే క్యాజిల్ నట్టు, అది తిరగకుండా స్ప్లిట్ పిన్ను. ఇంజిన్ వేడి దగ్గర కూడా నైలాన్ నట్టు వద్దు. కర్రకి ఆనే చోట వెడల్పు వాషరు వేసి, కర్ర నలగకుండా బిగించాలి.

సముద్రం గాలికి మూడు నెలల్లో మామూలు వాషర్లు ఎర్రబడతాయి, బోల్టు రంధ్రాల్లో వార్నిష్ రాసి, అది ఎండాకే బోల్టు ఎక్కించండి. కేబుల్ మడతని పట్టే స్లీవులు, అంటే చిన్న లోహపు గొట్టాలు, నొక్కాక గేజి పెట్టి ప్రతిదీ చూడాలి.

## 11. గుడ్డ

పాలిస్టర్ గుడ్డ జిగురుతో అంచులకి అతికించి ఇస్త్రీ పెట్టెతో బిగిస్తారు. మొదటి బిగింపు 121 డిగ్రీలు, ఆఖరిది సాధారణంగా 177, కానీ పల్చటి అల్ట్రాలైట్ చట్రానికి ఎక్కడ ఆపాలో మాన్యువల్ చెప్తుంది, అది దాటొద్దు. ఎక్కువ బిగిస్తే వెనక అంచు అరటాకులా వంగుతుంది. ఇంటి ఇస్త్రీ పెట్టె మీద అంకెలు నమ్మేవి కావు, మల్టీమీటర్‌కి ఉండే వేడి కొలిచే థర్మోకపుల్ వైరు పెట్టె అడుగుకి తాకించి, డయల్ మీద మార్కరుతో గీతలు పెట్టుకోండి. ఒక వైపే బిగించుకుంటూ పోకుండా పైనా కిందా మార్చి మార్చి చేయండి.

తర్వాత రిబ్బులకి దారంతో కుట్టు, దాని మీద వెండి రంగు అల్యూమినియం కోటింగ్. ఆ వెండి కోటింగ్ అందం కోసం కాదు, గుడ్డని తినేసే ఎండని ఆపేది అదే. రంగు పల్చగా వేస్తే బరువు తగ్గుతుంది కదా అని దీన్ని తగ్గించకండి, పైరంగు తగ్గించుకోండి. ఈ జిగుర్లు, థిన్నర్లు మండే సరుకు, ఏసీ ఆపి తలుపులు తీసి, దేవుడి గదిలో దీపం సంగతి కూడా చూసుకుని పని చేయాలి.

## 12. ఇంజిన్, పెట్రోలు

డబ్బంతా తినేది ఇదే, చవక విమానం అనేది చట్రం వరకే నిజం. టూ స్ట్రోక్ అయితే 50కి 1 ఆయిల్, లీటరుకి 20 మిల్లీలీటర్లు, మీ ఇంజిన్ మాన్యువల్ వేరే చెప్తే అదే.

బంకులో ఇప్పుడు ఎథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది. పాత రకం పైపులు మెత్తబడతాయి, మన తేమకి ఎథనాల్ నీళ్లు లాక్కుంటుంది. కొలత జాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 పెట్రోలు పోసి ఊపి నిలవనివ్వండి. అడుగున నీటి గీత 10 దగ్గరే ఉంటే ఎథనాల్ లేనట్టే, పైకి పాకితే ఎన్ని మిల్లీలీటర్లు పాకిందో ఉజ్జాయింపుగా అంత శాతం ఉన్నట్టు. ఇంజిన్ ఎంత ఒప్పుకుంటుందో మాన్యువల్‌లో చూసి, ట్యాంకు, పైపులు దానికి తగ్గట్టు మార్చుకోండి. వాడని పెట్రోలు వారాల తరబడి ట్యాంకులో ఉంచకండి.

## 13. తూకం

కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, విమానాన్ని ఎగిరే భంగిమలో నిలబెట్టి మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టాలి. రెక్క ముందు అంచు నుంచి దూరాలు కొలవాలి. ఉదాహరణకి ఒక లెక్క, అంకెలు మీవి వేరే ఉంటాయి:

- ఎడమ చక్రం 55, కుడి 54, తోక 6, మొత్తం 115 కేజీలు
- పెద్ద చక్రాలు అంచుకి 10 సెంటీమీటర్లు వెనక: 109 × 10 = 1090
- తోక చక్రం 330 వెనక: 6 × 330 = 1980
- మనిషి 75 కేజీలు, సీటు 45 వెనక: 3375
- పెట్రోలు 14 కేజీలు, ట్యాంకు 60 వెనక: 840

కూడితే 7285, మొత్తం బరువు 204, భాగిస్తే 35.7 సెంటీమీటర్లు. అదే గురుత్వ కేంద్రం, అంటే విమానం బరువంతా తూగే చోటు. ముందు అంచు నుంచి వెనక అంచుకి రెక్క వెడల్పు 137 సెంటీమీటర్లు అనుకుంటే 26 శాతం దగ్గర. మాన్యువల్ ఇచ్చిన హద్దుల్లో ఉందా లేదా అన్నదే ప్రశ్న. పెట్రోలు నిండుగా, ఖాళీగా, బరువు మనిషి, సన్న మనిషి, నాలుగు రకాలుగా లెక్క వేయండి. వెనక హద్దు దాటితే బ్యాటరీ ముందుకి జరపండి. ముక్కులో సీసం దిమ్మ పెట్టి సరిపెట్టడం ఆఖరి మార్గం.

కాటా ఎక్కే బరువులో మీ ఇష్టాలన్నీ కనిపిస్తాయి. నా అంచనా కంటే 6 కేజీలు ఎక్కువొచ్చింది, వెతికితే రెండున్నర కేజీలు మూడో కోటింగ్ రంగు, ఒకటిన్నర మెత్తటి సీటు, మిగతాది అక్కడక్కడా "ఇంకాస్త గట్టిగా ఉంటుంది" అని నేను చేర్చిన మూల చెక్కలు. సీటు తీసేశా.

కాగితాలు ఇచ్చే ముందు ఇద్దరు కూర్చుని కంట్రోల్సు చూడాలి, ఒకరు సీట్లో, ఒకరు బయట, బయటివాడు గట్టిగా చెప్పాలి. స్టిక్ ఎడమకి అంటే ఎడమ ఐలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే రేకు) పైకి, కుడిది కిందికి. స్టిక్ వెనక్కి అంటే ఎలివేటర్ (తోకలో అడ్డ రేకు) పైకి. కుడి కాలు నొక్కితే రడ్డర్ (తోకలో నిలువు రేకు) కుడికి. కేబుళ్లు తారుమారుగా తగిలించినా స్టిక్ హాయిగానే కదులుతుంది, చేతికి తేడా తెలీదు, కంటితోనే చూడాలి. రెక్కలు ఊడదీసి లారీ ఎక్కించి అవతల మళ్లీ బిగించాక ఇదే పరీక్ష మళ్లీ చేయాలి, మధ్యలో ఎంత అలిసిపోయి ఉన్నా సరే.